ఆస్మాన్‌లో ఖుష్‌ఖతీ

"నువ్వైనా దానికి సమ్‌ఝాయించు. నా మాట దాని చెవికెక్కడం లేదు."

నేను లెస్టర్‌లో దిగిన రాత్రే దస్తర్‌ఖాన్ దగ్గర ఆపా అన్న మాట ఇది. "అది" అంటే మా భాంజీ. పదిహేడేళ్ళు. డాక్టరీ నక్కో, పైలట్ అవుతానంటోంది. ప్యాసింజర్ విమానాల వరకైతే దూల్హాభాయ్ ఎలాగో దిల్ గట్టి చేసుకునేవారే. కానీ పిల్లకి ఆస్మాన్‌లో పల్టీలు కొట్టే షౌఖ్ పట్టింది.

ఆపా మాట నేను కాదనలేను. ఎందుకో తర్వాత చెప్తాను. శనివారం పొద్దున్నే భాంజీని కూర్చోబెట్టి నసీహత్ మొదలుపెట్టబోతే, "ముందు ఒకసారి చూడండి మామూ, ఆ తర్వాత సమ్‌ఝాయించండి" అని నన్నే కారెక్కించింది.

పొలాల మధ్య చిన్న ఎయిర్‌ఫీల్డ్. ఆ ఇలాకా వాళ్ళ ఏరోబాటిక్స్ పోటీ. ఆ దేశంలో ఇలాంటివి బ్రిటిష్ ఏరోబాటిక్ అసోసియేషన్ నడుపుతుంది. పోటీకి తోడు పాత బైప్లేన్లు కూడా వచ్చి గడ్డి మీద సఫ్ కట్టినట్టు నిలబడ్డాయి. పైనొక రెక్క, కిందొక రెక్క, మధ్యలో కర్రలూ తీగలూ. బెల్జియం స్టాంప్, పొట్టి పిట్స్ స్పెషల్, పసుప్పచ్చ టైగర్ మాత్. ఈ టైగర్ మాత్ మొదట ఎగిరింది 1931లో. ఓనరు పెద్దాయన ఇజాజత్ ఇస్తే రెక్క మీద వేలితో తట్టాను. గుడ్డ! బిగించి రంగు పూసిన గుడ్డ. దఫ్‌లా మోగింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన బేగంపేటలో కూడా కొత్త పైలట్లకు మొదటి సబక్ దీని మీదే. నేర్చుకునేవాడు వెనక సీట్లో, ఉస్తాద్ ముందు సీట్లో. నెత్తిన కప్పు ఉండదు.

నేను దీన్ని సర్కస్ అనుకుని వెళ్ళాను. భాంజీ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. దాని నిండా గీతలు, సున్నాలు, కొక్కేలు. స్పెయిన్ పైలట్ హోసే లూయిస్ అరెస్తీ తయారుచేసిన లిపి అట. నుఖ్తా దగ్గర మొదలు, చిన్న అడ్డగీత దగ్గర ఆఖరు. నిండు గీత అంటే విమానం మామూలుగా ఉన్నట్టు, తెగిన గీత అంటే తలకిందులుగా ఉన్నట్టు. పైలట్ ఏ వరసలో ఏం చేయాలో ముందే అందులో రాసి ఉంటుంది. గాలి ఏ వైపు నుంచి వీస్తుందో దాన్ని బట్టి వాడుకోవడానికి అదే వరసని రెండు కాగితాల మీద గీస్తారు. ఒకటి ఎడమ నుంచి కుడికి, ఇంకొకటి కుడి నుంచి ఎడమకి. ఒకటి తెలుగు, ఒకటి ఉర్దూ అన్నమాట! నాకు నవ్వొచ్చింది. నా బతుకంతా ఈ రెండు కాగితాల మధ్యే కదా.

ఆ తర్వాత నేను చూసిన చూపు మారింది. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, కిలోమీటరు ఎత్తు. కంటికి కనబడని ఆ డబ్బాలోనే రాయాలి. కింద జడ్జి కుర్చీలో కూర్చుని ఆస్మాన్ నుంచి నజర్ దించడు. పక్కన ఒకరు కాగితం చదివి వినిపిస్తుంటే, ఇంకొకరు మార్కులు రాసుకుంటారు. ఒక్కో ఆకారానికి పది మార్కులు. కోణం ఐదు డిగ్రీలు తప్పితే ఒక మార్కు పోయినట్టే. ఎంత కష్టమైన ఆకారమైతే అంత పెద్ద అంకెతో హెచ్చిస్తారు. చుట్టు చుడితే కింది నుంచి చూసేవాడికి గుండ్రంగా కనబడాలి. గాలి తోసేసిందనే ఉజ్ర్ చెల్లదు.

నాకు మా ఉర్దూ స్కూలు గుర్తొచ్చింది. ముల్తానీ మట్టి పూసిన తఖ్తీ, బరూ కలం. ఉస్తాద్‌జీ నా అలిఫ్ పక్కన కలంతో నుఖ్తాలు పెట్టి కొలిచేవారు. మూడు నుఖ్తాల ఎత్తుండాలి. నాది నాలుగయ్యేది, కడిగి మళ్ళీ రాయించేవారు.

ఇంతలో టైగర్ మాత్ వంతు వచ్చింది. మెల్లగా పక్కకి దొర్లి తలకిందులైంది. ఠక్కున ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. "యా అల్లాహ్!" అని లేచి నిలబడ్డాను. భాంజీ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఏం కాలేదు మామూ. తలకిందులైతే దాని కార్బురేటర్‌కి పెట్రోల్ అందదు. సీదా అయ్యాక మళ్ళీ పట్టుకుంటది." పట్టుకుంది. ఆ రెండు మూడు సెకన్లలో నాకు ఆపా ముఖమే కనిపించింది.

ఖత్రా లేదని నేను ఝూట్ చెప్పను. ఉంది. ప్రతి తరగతికీ ఇంత ఎత్తు కన్నా కిందికి దిగకూడదని హద్దు పెట్టింది అందుకే. దిగితే మార్కులు కోస్తారు. ఆ దేశంలో 16 ఏళ్ళకి ఒంటరిగా ఎగరొచ్చు, 17కి లైసెన్స్ తీసుకోవచ్చు, కనీసం 45 గంటల శిక్షణ కావాలి. ఇవన్నీ పిల్ల నోటి చివరే ఉన్నాయి. ఫీజు సంగతి అడిగితే మాత్రం కిటికీ వైపు చూసింది.

సాయంత్రం ఆపా చాయ్ పెడుతూ, "సమ్‌ఝాయించావా?" అంది.

"హిజాబ్ ఇంతియాజ్ అలీ గుర్తుందా ఆపా?" అన్నాను. గుర్తు లేకపోవడమేంటి! దక్కన్‌లో పెరిగిన ఆ రచయిత్రి అఫ్సానాలు కర్నూల్లో దిండు కింద దాచుకుని చదివింది ఆపానే. ఆవిడ 1936లో లాహోర్‌లో పైలట్ లైసెన్స్ తీసుకున్న సంగతి కూడా నాకు చెప్పింది ఆపానే.

"ఆవిడ వేరు, నా కూతురు వేరు" అంది.

అప్పుడు నా నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. ఉర్దూ మీడియం పిల్లాడు బీయేలో తెలుగు తీసుకుంటానంటే ఖాందాన్ ఖాందాన్ అంతా ఎదురు తిరిగింది. అబ్బా మూడు నెలలు నాతో మాట్లాడలేదు. చిన్నపిల్లలకి అరబీ చెప్పి కూడబెట్టుకున్న డబ్బు తీసి ఫీజు కట్టింది ఆపా. "వాడు రాస్తాడు, రాయనీ" అంది అబ్బాతో. అది గుర్తుచేస్తే ఎహ్సాన్ లెక్కలు తీసినట్టవుతుందని నోరు మూసుకున్నాను.

భాంజీ ఆ రెండు కాగితాలు టేబుల్ మీద పెట్టింది. ఆపా కళ్ళజోడు పెట్టుకుని ఒకటి తీసుకుంది. కుడి నుంచి ఎడమకి ఉన్నదే తీసుకుంది. వేలితో నుఖ్తా దగ్గర మొదలుపెట్టి వెళ్తూ, తెగిన గీత దగ్గర ఆగింది.

"ఇక్కడేంటి?"

"అక్కడ తలకిందులుగా ఉంటాం అమ్మీ."

"ఎంతసేపు?"

పిల్ల వేళ్ళతో సెకన్లు లెక్కపెట్టి చూపించింది. ఆపా ఏమీ అనలేదు. చాయ్ పొంగిందని లేచి వెళ్ళింది.

నేను తిరిగొచ్చి రెండు నెలలైంది. ఆపా ఇంకా హా అనలేదు, నహీ కూడా అనలేదు. మొన్న ఫోన్ చేసి 45 గంటలకి మొత్తం ఎంతవుతుందో దూల్హాభాయ్ అడుగుతున్నారంది.