గ్రహణం మింగిన ఫిల్ము

గ్రహణం పట్టిందంటే దాదాపు ఊరూరా గుళ్ళు తలుపులు వేసుకుంటాయి. మా శ్రీకాళహస్తి గుడి మాత్రం తెరిచే ఉంటుంది. ఆ ధీమాతోనే కాబోలు, 2019 డిసెంబరు 26 నాటి సూర్యగ్రహణానికి నేనూ ఒక ఘనకార్యం చేశాను. బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతున్న మా పెద్దవాడి ఎక్స్‌రే ఫిల్మును నాలుగు ముక్కలు కత్తిరించి వీధి పిల్లలకు పంచిపెట్టాను. దాంట్లోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళకు చేటని తర్వాత తెలిసింది. నా ఇంటికి నేను చేసుకున్న చేటు తెలియడానికి మరో రెండేళ్ళు పట్టింది.

మావాడికి ఇరవై నాలుగో ఏట నడుంనొప్పి పట్టుకుంది. పొద్దున్నే కొయ్యబారినట్టు లేచేవాడు. కాసేపు తిరిగితే సర్దుకునేది, పడుకుంటే మళ్ళీ మొదలు. "వాయులింగం ఉండే ఊరు కదమ్మా, వాతం రాకుండా పోతుందా?" అని వాడే నవ్వేవాడు. నేనూ నవ్వి, ఆముదం కాచి రాసేదాన్ని. ఓ ఎక్స్‌రే తీయించి, నొప్పి తగ్గగానే మరిచిపోయాం.

2021లో తిరుపతిలో చూపిస్తే డాక్టరుగారు 'ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్' అన్నారు. పేరు పలకడానికే నడుం పట్టేసేట్టుంది! ముదిరితే వెన్నుపూసలు అతుక్కుపోయి, ఎక్స్‌రేలో వెన్ను వెదురుబొంగులా కనిపిస్తుందట.

"పాత ఎక్స్‌రే ఏమన్నా ఉందా అమ్మా?" అనడిగారు. నా గొంతులో వెలక్కాయ పడింది.

"ఒక్క ఫొటో జబ్బు ఎందాకా వచ్చిందో చెబుతుంది. ఎంత వేగంగా వస్తోందో చెప్పాలంటే పాతది పక్కన ఉండాలి" అన్నారాయన.

తప్పు దిద్దుకుందామని, "మూడు నెలలకోసారి తీయిస్తాం" అన్నాను. ఆయన నవ్వారు. ఎముకలో మార్పు నిదానం, రెండేళ్ళన్నా గడవనిదే ఎక్స్‌రేలో తేడా సరిగా తెలియదట. ఎమ్మారై అయితే ఎముక మారకముందే లోపలి వాపును పట్టిస్తుందట. అంటే ఎక్స్‌రే చూపేది బూడిద, ఎమ్మారై చూపేది నివురుగప్పిన నిప్పు! నిప్పును అదుపులో పెట్టడానికి మందులున్నాయి, వ్యాయామముంది. అతుక్కున్న పూసను విడదీసే మందు మాత్రం లేదు.

2023లో మళ్ళీ తీయించి, రెండు ఫిల్ములూ దీపం ముందు పక్కపక్కన పెట్టారు. "తేడా లేదమ్మా" అన్నారు. అంత చల్లని మాట నేనెన్నడూ వినలేదు.

కానీ ఆ మొదటి ఫిల్ములో ఏముండిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఉన్న రెండూ ఇప్పుడు నా పట్టుచీరల మధ్య భద్రంగా ఉన్నాయి. గ్రహణమొస్తే నేను గుడికి పోతాను, అంతే!