గెలిచినా విసుగే!

షికాగో నుంచి పడమరగా కారులో మూడున్నర గంటలు ప్రయాణం చేస్తే అయోవా సిటీ వస్తుంది. దారి పొడుగునా మొక్కజొన్న చేలే. ఊరి నడుమ నది; గట్టు మీద బంగారు గుమ్మటంతో పాత శాసనసభా భవనం. 1857 వరకూ రాష్ట్రానికి రాజధాని ఇదే. రాజధాని తరలిపోయింది గాని విశ్వవిద్యాలయం మిగిలింది, దానితోపాటు ఫుట్‌బాల్ పిచ్చీ మిగిలింది.

ఆ రాష్ట్రంలో పేరున్న వృత్తి జట్టు ఒక్కటీ లేదు. అందుచేత కాలేజీ కుర్రాళ్ల జట్టే అందరికీ ఇంటి జట్టు. ఊరి జనాభా 75 వేలు. కిన్నిక్ స్టేడియంలో పట్టే జనం 69 వేలు! నైల్ కిన్నిక్ 1939లో దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడుగా బహుమతి పొంది, 1943లో విమాన శిక్షణలో మరణించిన యువకుడు.

మన పాఠకులకు ఈ ఆట కొత్త గనుక ఒక్క మాట. బంతి చేతబట్టిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేమనుకుంటే నాలుగోసారి బంతిని దూరంగా తన్ని, అవతలివారికి వదిలేస్తారు. అవతలి గీత దాటితే ఆరు పాయింట్లు. కర్రల మధ్యగా తన్నితే మూడు. ప్రత్యర్థిని అతని గీత వెనకనే పడగొడితే రెండు.

2022 సెప్టెంబరు 3న నేను చూసిన ఆటలో అయోవా 7–3తో గెలిచింది. ఏడంటే గీత దాటారనుకునేరు! ఒక తన్నుకు మూడు, రెండు పడగొట్టుళ్లకు నాలుగు. గీత దాటిన మొనగాడు లేడు. గెలుస్తున్న జట్టును సొంత జనమే ఈసడించడం అక్కడే చూశాను.

"గెలిచారు కదండీ, ఇంకా కోపమెందుకు?" అని పక్కనున్న ముసలి రైతును అడిగాను.

"వానల్లేక పంట పోతే నేనెవర్నీ అనను. విత్తనమే చల్లకపోతే ఊరుకోమంటారా?" అన్నాడాయన.

అయినా లేచిపోయినవారు తక్కువ. ఆటలో మొదటి పాతిక భాగం ముగియగానే జనమంతా లేచి, పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రి వైపు తిరిగి చేతులూపుతారు. కిటికీల్లోంచి రోగిష్టి పసివాళ్లు తిరిగి చేతులూపుతారు. 2017లో మొదలైన ఆచారమిది. ఆ నిమిషంలో జట్టును తిట్టే నోరు ఒక్కటీ వినిపించదు.

కోపానికి ఇంకో కారణం ఉంది. ప్రధాన శిక్షకుడు కర్క్ ఫెరెంట్స్ 1999 నుంచీ అక్కడే. 2017 నుంచి దాడి ఎత్తుగడలు వేసినవాడు ఆయన కొడుకు బ్రయన్. కాగితం మీద కొడుకు పై అధికారి క్రీడా విభాగాధిపతి. జనం కళ్లకు మాత్రం తండ్రే. 2022లో జట్టు సగటు ఆటకు 17.7 పాయింట్లు. మరుసటి ఏడు కొడుకు జీతంలో 50 వేల డాలర్లు కోసి, సగటు 25 పాయింట్లూ ఏడు విజయాలూ తేవాలని ఒప్పందంలో రాశారు. రక్షణవారు తెచ్చే పాయింట్లు కూడా ఆ లెక్కలోనే!

2023లో పది ఆటలు గెలిచారు. సగటు మాత్రం 15.4. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన టోరీ టేలర్ ఆ ఏడు 93 సార్లు బంతిని తన్ని 4,479 గజాలు పంపాడు. జట్టంతా పరుగెత్తీ, విసిరీ సంపాదించిన గజాలు అంతకంటె తక్కువ! పాపం, జనం అతనికే జేజేలు కొట్టారు. సీజను ముగియకముందే, అక్టోబరు 30న, బ్రయన్‌కు ఆ ఏటితో సరి అని విశ్వవిద్యాలయం ప్రకటించింది. చివరి రెండాటల్లో మిషిగన్ చేతిలో 26–0, టెన్నెసీ చేతిలో 35–0.

2024లో దాడి బాధ్యత టిమ్ లెస్టర్‌కు అప్పగించారు. తండ్రి మాత్రం కదలలేదు. సగటు 25 దాటింది. గెలిచినవి ఎనిమిదే! ఏది మేలో ఆ బల్లల మీద ఏళ్ల తరబడి కూర్చున్నవారే చెప్పాలి.