చీటీ మీద రాయని అంకె

గన్నవరం, హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి జ్వరంతో వచ్చేవాళ్ల చేతిసంచీలో తరచూ కనిపించే వస్తువు ఒకటుంది. కత్తెరతో కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్పు ముక్క. రెండో మూడో మాత్రలుంటాయి. మందు పేరు సగం తెగిపోయి ఉంటుంది, గడువు తేదీ షాపులోనే ఉండిపోతుంది. యాంటీబయాటిక్‌ను జనం గుర్తుపట్టాలని 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచారం చేసిన ఎర్రగీత మాత్రం ఒక్కోసారి ఆ ముక్క మీద మిగిలి ఉంటుంది. అదే సంచీలో ఇంకో చీటీ కూడా ఉంటుంది. దాని మీద అదే రకం మందు పది రోజులకో, పద్నాలుగు రోజులకో రాసి ఉంటుంది. మొదటిది జేబును చూసుకుని కొన్న లెక్క, రెండోది ఎందుకైనా మంచిదని రాసిన లెక్క. రెండింటికీ ఆధారం లేదు. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడాలో చెప్పాల్సింది రోగుల మీద పద్ధతిగా జరిగిన క్లినికల్ ట్రయల్. ఆ అంకెను మనం ఇంకా అలవాటు మీదే వేస్తున్నాం.

‘కోర్సు పూర్తి చేయకపోతే క్రిమి మొండికేస్తుంది’ అన్న మాట మా తరం వైద్యులందరికీ నూరిపోసినదే. 1945లో నోబెల్ ఉపన్యాసంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక ఊహాకథ చెప్పాడు. గొంతునొప్పి వచ్చిన మనిషి చాలీచాలని పెన్సిలిన్ వాడతాడు, అతనిలోని స్ట్రెప్టోకాకస్ మందుకు లొంగకుండా తయారవుతుంది, అది భార్యకు సోకి ప్రాణం తీస్తుంది. మందు విలువ తెలిసిన మనిషి చేసిన హెచ్చరిక అది, గౌరవించాల్సిందే. కానీ ఆ గొంతు స్ట్రెప్టోకాకస్ ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. మొండికేసినవి వేరేవి. మనం మింగిన మాత్ర ఊపిరితిత్తుల్లోని క్రిమితో ఆగదు, పేగుల్లో మామూలుగా బతికే కోట్ల సూక్ష్మజీవుల మీదా పడుతుంది. వాటిలో లొంగేవి చచ్చి, లొంగనివి ఆ చోటును ఆక్రమిస్తాయి. అవసరం తీరాక వేసుకునే ప్రతి రోజు మాత్రా ఆ పనే చేస్తుంది.

ఈ విషయంలో మన దేశంలోనే జరిగిన ట్రయల్ ఒకటి నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. రెండు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలు, ఎగశ్వాసతో వచ్చినవాళ్లు, డొక్కలు ఎగరేసే దశకు వెళ్లనివాళ్లు. ఏడు ఆసుపత్రుల ఓపీల్లో ఇలాంటి 2,188 మందిని తీసుకున్నారు. అందరికీ మొదటి మూడు రోజులు అమాక్సిసిలిన్. తర్వాతి రెండు రోజులు సగం మందికి అదే మందు, మిగతా సగానికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర. ఏ బిడ్డకు ఏది వెళ్లిందో తల్లికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 2004లో ఫలితం బయటికొచ్చింది. మూడు రోజులు వాడినవాళ్లలో 89.5 శాతం, అయిదు రోజులు వాడినవాళ్లలో 89.9 శాతం కోలుకున్నారు. ఆ రెండు రోజుల మందు పిల్లలకు తెచ్చిన లాభం లేనట్టే.

దీనికి గట్టి ఆక్షేపణే ఉంది. ఎగశ్వాస పిల్లల్లో చాలామందిది వైరస్ జబ్బు, అసలు మందివ్వకపోయినా తగ్గేవాళ్లు, అందుకే తేడా కనపడలేదని. న్యాయమైన అనుమానమే. మలావీలో దాన్ని నేరుగా పరీక్షించారు. అమాక్సిసిలిన్ తీసుకున్న పిల్లల్లో 4 శాతానికి చికిత్స విఫలమైతే, ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 7 శాతానికి విఫలమైంది. అంటే మందు అవసరమే, మూడు రోజులకు మించి మాత్రం అక్కర్లేదు. డొక్కలెగరేసే న్యుమోనియాలో కూడా అక్కడే మరో ట్రయల్ చేసి, మూడు రోజులు అయిదు రోజులకు తీసిపోవని 2020లో ప్రకటించారు.

పెద్దల్లో, అందులోనూ రక్తంలోకి క్రిమి పాకినప్పుడు, భయం ఇంకా ఎక్కువ. 2024లో వెలువడిన బ్యాలెన్స్ ట్రయల్ ఆ భయాన్నే కొలిచింది. 3,608 మందిలో ఏడు రోజుల చికిత్స పొందినవాళ్లలో మూడు నెలల్లో చనిపోయినవారు 14.5 శాతం, పద్నాలుగు రోజులు పొందినవాళ్లలో 16.1 శాతం. స్టెఫైలోకాకస్ ఆరియస్ సోకినవాళ్లను ఇందులో చేర్చుకోలేదు, కాబట్టి వాళ్లకు ఈ అంకె వర్తించదు. అది జరిగిన ఏడు దేశాల్లో మన దేశం లేదు. మన క్రిములు మొండివి కదా అంటారు, నిజమే. కానీ ఆ ట్రయల్‌లో రోజులు లెక్కపెట్టింది క్రిమి మీద పనిచేసే మందుతో. పనిచేయని మందును పద్నాలుగు రోజులు ఎక్కిస్తే అది పనిచేసే మందు అయిపోదు. అందుకే మొదటి సూదికి ముందే రక్తం కల్చర్‌కు పంపడం మన దగ్గరే ఎక్కువ అవసరం. ఎక్కువైన వారం రోగికి ఊరికే గడవదు. నరం ఉబ్బుతుంది, నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, తోడున్న మనిషి కూలి పోతుంది.

అయితే తగ్గించడమే సిద్ధాంతమని ఎవరూ అనుకోవద్దు. క్షయకు నాలుగు నెలలు చాలుతుందేమోనని కొత్త మందులు కలిపి చెన్నై, మదురైలలో చూశారు. జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఉండటంతో ఆ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. కీళ్లవాతం జ్వరం భయం ఉన్న గొంతు ఇన్ఫెక్షన్‌కు పది రోజుల పెన్సిలిన్ నియమం అలాగే ఉంది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం సంగతి మరీ కనువిప్పు. దాని గుర్తు చంకలోనో గజ్జల్లోనో సిగరెట్ చురక పెట్టినట్టు చిన్న నల్లటి పక్కు, నొప్పి ఉండదు, బట్టలు తీసి వెతికితే తప్ప దొరకదు. తీవ్రంగా ఉన్నప్పుడు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్‌లలో ఏదో ఒకటి చాలనుకునేవాళ్లం. మనవాళ్లు రాయవేలూరు అని పిలుచుకునే వెల్లూరు సీఎంసీ వైద్యుల నాయకత్వంలో మన దేశంలోనే ఏడు కేంద్రాల్లో 794 మంది మీద ట్రయల్ చేశారు. జ్వరం తగ్గకపోవడం, అవయవాలు తేరుకోకపోవడం, మరణం, ఈ మూడూ కలిపి లెక్కిస్తే ఒక్క మందు తీసుకున్నవాళ్లలో 47, 48 శాతం, రెండూ తీసుకున్నవాళ్లలో 33 శాతం. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక్కడ ట్రయల్ ఎక్కువ ఇవ్వమంది, మనం వినాలి.

చివరి అభ్యంతరం మా తోటి వైద్యులది. జనం ఇప్పటికే జ్వరం దిగిన మర్నాడే మాత్రలు మానేస్తున్నారు, తక్కువ రోజులు చాలంటే ఇక పట్టపగ్గాలుండవని. నేను ఒప్పుకోను. పద్నాలుగు రోజులు రాస్తే నాలుగో రోజున మానేసే మనిషికి ఏ రోజుతో అవసరం తీరిందో మనమెప్పుడూ చెప్పలేదు. మూడు రోజులని చెప్పి, ఎందుకో రెండు ముక్కల్లో వివరిస్తే కూలికెళ్లే తల్లి కూడా మూడు రోజులకూ కొంటుంది, మూడు రోజులూ వేస్తుంది. సొంతంగా మానేయడం వేరు, ఆధారంతో నిర్ణయించిన రోజుకు ఆపడం వేరు. కాబట్టి చదివేవాళ్లకు నా మనవి ఒకటే. చీటీ చేతికి తీసుకున్నాక లేచి వచ్చేయకండి. ఇందులో యాంటీబయాటిక్ ఏది, ఎన్ని రోజులు అని అడిగి, ఆ మందు పేరు పక్కనే రోజుల అంకె వేయించుకోండి.