చక్రం తిరుగుతూనే ఉంది!

రామగుండంలో బొగ్గు మండితే ఎక్కడో కేరళలో ఫ్యాను తిరుగుతుంది. 1983లో మొదటి యూనిట్‌తో మొదలైన ఎన్టీపీసీ కేంద్రం 2,600 మెగావాట్లకు ఎదిగింది. అక్కడి కరెంటు క్షణంలో దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ చేరుతుంది. అదే ఊళ్లో లాడ్జి గదిలో కూర్చుని హైదరాబాద్‌కు ఓ ఫైలు పంపాలంటే మాత్రం... రాత్రి భోజనం చల్లారిపోవాల్సిందే!

పని మీద రామగుండం, గోదావరిఖని వచ్చేవాళ్లకు కొదవ లేదు. ప్లాంట్ల మరమ్మతులకు కొందరు, గనుల యంత్రాల సర్వీసింగుకు మరికొందరు. పగలంతా బూడిద, బొగ్గు ధూళి మధ్య తిరుగుతారు. గదికి చేరాక రెండో డ్యూటీ మొదలు. ఆ రోజు చేసిన పనంతా ఆఫీసుకు పంపాలి.

బాయిలర్‌ గొట్టాల మందం కొలవడానికి వచ్చిన ఓ ఇంజినీరుదీ అదే పరిస్థితి. బూడిద రాపిడికి ఏ గొట్టం ఎంత అరిగిందో ఫొటోలతో సహా పంపితేనే, ఏవి మార్చాలో ఆఫీసువాళ్లు చెబుతారు. లేదంటే మర్నాడు వెల్డర్లు ఖాళీగా కూర్చోవాలి. ఫైలు 300 ఎంబీ. 71 శాతం వెళ్లి ఆగింది. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి వీడియోకాల్‌. నాలుగేళ్ల కూతురికి నాన్న మొహం చూస్తేగానీ నిద్ర పట్టదు. ఎత్తాడు. పాప మొహం గళ్లుగళ్లుగా విడిపోయి, నోరు తెరిచినట్టే బిగుసుకుపోయింది. ఫైలు మళ్లీ మొదటికొచ్చింది. రెంటికీ చెడ్డ రేవడి!

కోపంగా కిందికి వెళ్తే, కౌంటర్లో ఉన్న కుర్రాడు రౌటరు ఆపి మళ్లీ వేశాడు. అతను చేయగలిగింది అదొక్కటే.

అసలు చిక్కంతా లెక్కలో ఉంది. లాడ్జి కనెక్షన్‌ సెకనుకు 20 మెగాబిట్లు అనుకుందాం. 20 గదులవాళ్లు ఒకేసారి వాడితే తలా ఒక్కటి. ఫైలును కొలిచేది బైట్లలో, వేగాన్ని కొలిచేది బిట్లలో. ఒక బైటుకు 8 బిట్లు. అంటే 300 ఎంబీకి 2,400 సెకన్లు... అక్షరాలా 40 నిమిషాలు! అదీ పక్క గదిలో ఎవరూ క్రికెట్‌ మ్యాచ్‌ పెట్టుకోకపోతే. మధ్యలో గోడలు అడ్డొస్తే వైఫై ఇంకా నీరసిస్తుంది.

నిజానికి మనిషిని కాల్చుకుతినేది ఆ 40 నిమిషాలు కాదు. ఎప్పటికవుతుందో తెలియకపోవడం! ఆ సంగతి కౌంటర్లో కుర్రాడికి చిన్నప్పుడే తెలుసు. ‘మా బాపు బాయిల దిగితే షిఫ్టు అయ్యేదాంక మాట్లాడుడే లేదు సార్‌. ఫోను లోపలికి పోనియ్యరు. ఎప్పుడొస్తడో అమ్మకు ఎరుకే. ఆ టైముకు నీళ్లు కాగబెట్టేది. పది నిమిషాలు లేటయితే మాత్రం పొయ్యికాడ ఉండకపోయేది, వాకిట్లకొచ్చి నిలవడేది’ అన్నాడు.

భూగర్భ గనిలో మీథేన్‌ చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే మామూలు సెల్‌ఫోన్లకు అక్కడ ప్రవేశం లేదు. షిఫ్టు మొత్తం మాట లేకపోయినా ఆ ఇల్లాలు తట్టుకుంది. గడువు దాటిన పది నిమిషాలే ఆమెను వాకిట్లోకి లాక్కొచ్చేవి.

ఆ రాత్రి ఇంజినీరు ఫైలు జోలికి పోలేదు. తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని లేచాడు. అంతా నిద్రలో ఉన్నారు. 20 గదుల కనెక్షనూ ఒక్కడిదే! ఫైలు నిమిషాల్లో వెళ్లిపోయింది. వెల్డర్లు డ్యూటీకి వచ్చేసరికి ఏ గొట్టాలు మార్చాలో జాబితా సిద్ధంగా ఉంది.

ఇంటికి మాత్రం వీడియో మానేశాడు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు మామూలు ఫోన్‌ చేస్తానని చెప్పాడు. బొమ్మ లేదు, గొంతే. మొదటిరోజు పాప అలిగింది. మూడోరోజుకల్లా ఎనిమిదింటికే అమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.