డ్రమ్ము కూడా ఊపిరి పీలుస్తుంది

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. అందువల్ల మా ఊళ్లో ఏ మోటారు ఆగినా "నీ కొడుకు సైన్సు సదువుతుండు గదా, అడుగరాదు" అని మా బాపుతో అనడం అందరికీ అలవాటయింది. బాపు మురిసిపోయేవాడు. నేను మాత్రం లోలోపల భయపడేవాణ్ణి. పుస్తకంలోని ఇంజను వేరు, ఇంటిముందరి ఇంజను వేరు అని నా నమ్మకం. ఆ నమ్మకం తప్పని పోయిన వానాకాలంలో తెలిసింది. తెలిసిన తీరు గొప్పగా చెప్పుకోదగ్గది కాదు. అయినా మన సంచికలో చెప్పాలనిపించింది.

మాది కోరుట్ల దగ్గరి పల్లె. వరి, మక్క, పసుపు వేస్తాం. ఒక పాత ట్రాక్టరు ఉంది. మా పొలం పనయిపోయాక అది కిరాయికి పోతుంది. ఆ డబ్బే జగిత్యాలలో నా రూము కిరాయి, నా మెస్సు బిల్లు. నాట్ల కాలంలో మాటిమాటికి బంకుకు పోలేమని బాపు 200 లీటర్ల ఇనుప డ్రమ్ములో డీజిల్ తెచ్చి కొట్టం బయట నిలబెడతాడు.

ఆషాఢంలో ఒకనాడు కరిగెట దున్నుతున్నాం. నాటేసే ఆడవాళ్లు పదిహేనుమంది నారుకట్టలతో ఒడ్డున ఎదురుచూస్తున్నారు. పొద్దున ఇంటిదగ్గర ట్రాక్టరు చక్కగా స్టార్టయింది. పొలంలో రెండు సాళ్లు తిరిగిందో లేదో దగ్గడం మొదలుపెట్టింది. తెల్లని పొగ వదిలి బురద నడుమ ఆగిపోయింది. ట్యాంకులోంచి ఒక సీసాలోకి డీజిల్ తీసి చూస్తే అడుగున రెండువేళ్ల మందం నీళ్లు!

"బంకోడు నీళ్లు గలిపిండు!" అన్నాడు బాపు. ఆ సీసా పట్టుకొని ఇద్దరం బంకుకు పోయాం. పైపు పట్టే పోరనిది ఇంచుమించు నా వయసే. బాపు వాణ్ణి పదిమందిలో నిలబెట్టి నోటికొచ్చినట్లు తిట్టాడు. వాడు బదులు చెప్పలేదు. పొడుగాటి కొలబద్ద చివర ఒక మందు రాసి భూమిలోని ట్యాంకు అడుగుదాకా దించి తీశాడు. నీటికి తగిలితే ఆ మందు రంగు మారుతుంది. రంగు మారలేదు. "మీ మందు మీదే, మీ మాట మీదే" అని బాపు వినలేదు. నేనేం చేశాను? సైన్సు విద్యార్థిని గదా! సీసా పైకెత్తి "మరి ఈ నీళ్లు ఎక్కడియి?" అని బాపు మాటకు తాళం వేశాను. వాడు తలవంచుకొని నిలబడ్డాడు. వాడి కొలువుకేమైనా అవుతుందన్న ఆలోచనే నాకప్పుడు రాలేదు.

సాయంత్రం మెకానిక్ మామ వచ్చాడు. మా అమ్మకు వరసకు తమ్ముడు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వేలమంది పోయినట్లే ఆయనా గల్ఫుకు పోయి, దుబాయిలో పడవల ఇంజన్లు బాగుచేస్తూ పద్నాలుగేళ్లు గడిపి వచ్చాడు. వస్తూనే ఒక ప్రశ్న వేశాడు.

"ఇంటికాడ మంచిగనే స్టార్టయిందారా?"

"అయింది మామా."

"మళ్ల పొలంల ఎందుకాగింది?"

నేను నీళ్లు నమిలాను. ఆయన నవ్వి, "పడవలు గిట్లనే జేస్తయి. ఒడ్డుకు కట్టేసినప్పుడు ఇంజన్ మంచిగనే నడుస్తది. నీళ్లు ట్యాంకు అడుగున సప్పుడు జేయక పండుకుంటయి. సముద్రంల అల గొట్టంగనే లేస్తయి. మన కరిగెటల గుంతలు అలలే గదా. పొలంల ఆగితే నలుగురు తోస్తరు, సముద్రంల ఎవడు తోస్తడు?" అన్నాడు.

లీటరు నీరు కిలో తూగితే లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములే. అందుకే నీరు అడుగుకు చేరుతుంది. డీజిల్ పంపులోని ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వేయవవంతులే. అక్కడ కందెన పనికూడా డీజిలే చేస్తుంది. నీరు ఆ పని చేయదు, పైగా తుప్పు పట్టిస్తుంది. "స్టార్టు కాలేదని ఊకె సెల్ఫు గొట్టకుండ్రి, పంపు పోతది" అని మామ మొదటే హెచ్చరించాడు. ట్యాంకు అడుగు బిరడా విప్పి డీజిల్ అంతా దింపాడు. ఫిల్టర్లు రెండూ మార్చాడు. నీళ్లు నిలిచే గిన్నె కడిగాడు. చేతిపంపు కొట్టి లైనులోని గాలి తీశాడు. డీజిల్లో నీళ్లు నిలిస్తే ఆ రెండూ కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురై ఫిల్టరును మూసేస్తాయని, నెలల తరబడి కట్టేసిన పడవల్లో అది చాలా చూశానని చెప్పాడు.

పని ముగించి చేతులు తుడుచుకొంటూ "డ్రమ్ము యాడున్నది?" అన్నాడు. చూపించాను. డ్రమ్ము నిటారుగా ఉంది. పైఅంచు లోపల, వేలెడు లోతున వాననీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ల కింద మరమూత ఉంది. మామ దాన్ని రెండు వేళ్లతో తిప్పాడు. అది తిరిగింది.

"డ్రమ్ము ఊపిరి పీలుస్తదిరా. పగలు వదుల్తది, రాత్రి పీలుస్తది. మూతమీద నీళ్లుంటే నీళ్లే పీలుస్తది. మూత ఎవరు బిగిచ్చిండ్రు?"

నేను మాట్లాడలేదు. ముందటి ఆదివారం క్యాను నింపింది నేనే. బస్సుకు ఆలస్యమవుతుందని మూత చేత్తో తిప్పి వదిలేసిందీ నేనే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చార్లెస్ నియమం మొదటి సంవత్సరం పరీక్షలో వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకొన్నాను. ఇప్పుడు మంచంలో లెక్క వేశాను. ఎండకు డ్రమ్ము 40 డిగ్రీలకు కాగింది, వానకు 25 డిగ్రీలకు చల్లబడింది అనుకొందాం. పరమ మానంలో 313 నుంచి 298కి. సగం ఖాళీ డ్రమ్ములోని 100 లీటర్ల గాలి దాదాపు 95 లీటర్లకు కుంచించుకుపోవాలి. ఆ 5 లీటర్ల చోటులోకి బయటినుంచి ఏదో ఒకటి రావాలి. వచ్చింది వాననీరు. అదే నియమం, అదే లెక్క. కాని ప్రశ్నపత్రం మీద కాక మా కొట్టం ప్రక్కన కనిపించేసరికి గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టలేకపోవడం ఒక తప్పు. సీసా ఎత్తి ఇంకొకణ్ణి దోషిని చేయడం అంతకంటె పెద్ద తప్పు.

తెల్లవారి బాపుతో చెప్పాను. కొడతాడేమో అనుకొన్నాను. పనిలేకపోయినా కూలీలకు ఇచ్చిన పైసలు, ముదిరిపోతున్న నారు, పోయిన కిరాయి, అన్నీ ఆయన కళ్లలో కనిపించాయి. కొంతసేపు ఊరుకొని, "మరి ఆ పోరనికి ఎవరు జెప్పాలె?" అన్నాడు.

ఇద్దరం మళ్లీ పోయాం. బాపు అదే పదిమందిలో "తప్పు మాదే బిడ్డా" అన్నాడు. అరవై యేండ్ల మనిషి అలా అంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా వంతు మాట నేనూ చెప్పాను. వాడు "పోనియ్యుండ్రి పెద్దబాపూ" అని క్యాను అందుకొన్నాడు. అంతే.

ఇప్పుడు మా డ్రమ్ము కొట్టం లోపల ఉంటుంది. తప్పక బయట పెట్టవలసి వస్తే అడ్డంగా పండబెడతాం, రెండు మూతలూ డీజిల్ మట్టానికి కిందుండేట్లు. మూత మర బిగిస్తాం. రాత్రి ట్రాక్టరు ట్యాంకు నింపి పెడతాం. లోపల గాలి తక్కువైతే గోడలకు పట్టే తేమా తక్కువ. ఇదీ పడవలవాళ్ల పద్ధతేనట. వారానికోసారి గిన్నెలోని నీళ్లు వదులుతాం.

బైకులున్న మిత్రులకు ఒక మాట. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకొంటుంది. నీరు హద్దు మీరితే రెండూ కలిసి అడుగుకు దిగుతాయి. వానలో మూత సరిగా వేయండి. బండి ఆగితే బంకును తిట్టేముందు మీ మూత చూసుకోండి.

మొన్న సెలవులకు పోయినప్పుడు బాపు డ్రమ్ము చూపించి పక్కింటాయనతో అంటున్నాడు: "గిది ఊపిరి పీలుస్తదట. మావోడు లెక్కగట్టి జెప్పిండు." మూత సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. అందుకే నేనిక్కడ వ్రాశాను.