ఎరకసాని గుడి ఉన్న దారి

అనంతగిరి అనగానే వికారాబాద్ కొండలా, అరకు దారిలోని కాఫీ తోటలా అని అడుగుతారు. మాది కోదాడ పక్కన అనంతగిరి. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే వరి పొలాల సీమ. 2016లో నల్గొండ నుంచి సూర్యాపేట జిల్లా విడిపోయినప్పుడు మండల కేంద్రమైంది. ఈ సీమకు వచ్చేవాళ్లకు నేను ముందు చెప్పేది మాత్రం సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి గురించే.

కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు ఏలిన ఊరది. నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయం కట్టించాడు. ఆరేళ్లకు, 1208లో, బేతిరెడ్డి భార్య ఎరకసాని తన పేరు మీదే ఎరకేశ్వరాలయం నిలబెట్టింది. రేచర్ల రుద్రుడి రామప్ప గుడి 1213 నాటిది. అంటే రామప్పకు ఐదేళ్ల ముందే ఇక్కడ ఒక ఆడమనిషి తన పేరుతో శివుణ్ణి కొలువుంచింది. ‘సాని’ అనే మాటను తర్వాతి కాలం పాడుచేసింది గానీ, అప్పట్లో అది ఇంటి యజమానురాలికి దక్కిన గౌరవం. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినందుకు సంతోషమే. ఎరకసానిని కూడా నలుగురూ తలుచుకోవాలని నా కోరిక.

చిన్నప్పుడు నాయనమ్మ చెయ్యి పట్టుకుని పిల్లలమర్రికి వెళ్లాను. ఎండలోంచి మంటపంలోకి అడుగుపెడితే కాసేపు ఏమీ కనపడలేదు. తర్వాత నల్లరాతి స్తంభంలో నా ముఖమే కనపడింది. అంత నునుపు! అరచెయ్యి ఆనిస్తే కుండ నీళ్లంత చల్లన. నామేశ్వరాలయంలో నాయనమ్మ వేలి కణుపుతో స్తంభాన్ని తట్టి, “ఇటు రా బిడ్డా, చెవి పెట్టు” అంది. కంచు పళ్లెం మీద తట్టినట్టు సన్నటి నాదం. పక్క స్తంభం మరో రకంగా పలికింది. ఆమె చదువుకోలేదు. ఏ రాయి ఎలా పలుకుతుందో మాత్రం వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. శిల్పాల్లోని నర్తకుల కాళ్ల గజ్జెలు ఈనాటికీ విడివిడిగా లెక్కపెట్టొచ్చు. కాకతీయుల నాటి రంగుల బొమ్మల ఆనవాళ్లూ ఇక్కడున్నాయి. అమృతమథనం బొమ్మ వెలిసిపోయింది, కళ్లు చిట్లించి చూడాలి. ఉన్న రంగైనా నిలబడేలా చూసుకోవడం మన పని.

‘శృంగార శాకుంతలం’ రాసిన పదిహేనో శతాబ్దపు కవి పినవీరభద్రుడి ఇంటిపేరు కూడా ఈ ఊరిదే.

ఇదే జిల్లాలో పాము పడగలాంటి కొండ మీద ఫణిగిరి ఉంది. కాకతీయులకు వెయ్యేళ్ల ముందే భిక్షువులు విహారాలు కట్టుకుని ఉన్న చోటు. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లాయి.

ఈ జిల్లాలోనే మేళ్లచెరువు శంభులింగేశ్వరుడి జాతర శివరాత్రికి జరుగుతుంది. నడిగూడెంలో మునగాల రాజావారి కోట ఉంది. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసింది ఆ మునగాల సంస్థానంలోనే.

కోదాడలో సూర్యాపేట బస్సెక్కి, దిగాక ఆటో మాట్లాడుకుంటే పిల్లలమర్రి చేరొచ్చు. పొద్దున్నే వెళ్లండి, పూజ వేళకు గర్భగుడి తలుపు తీసి ఉంటుంది.