తలుపు చాటున విన్న మంద్రస్వరములు

యుగళగీత మనగానే మనకు నాయికానాయకులును, పూదోటయు, వెన్నెలయు జ్ఞప్తికి వచ్చును. పాశ్చాత్యుల సంగీతనాటకములందు, అనగా ఒపెరాలందు, మఱియొక విధమగు యుగళగీతము కలదు. అందు నాయిక యుండదు. ఇరువురు పురుషులు, ఇరువురును మంద్రకంఠులు, ఎదురెదురుగా నిలిచి పాడుదురు. ఆ దేశములవారు పురుషకంఠములలో పైస్థాయి దానిని టెనర్ అనియు, నడిమి దానిని బారిటోన్ అనియు, అడుగున మ్రోగు దానిని బాస్ అనియు నందురు. ప్రేమించుట సామాన్యముగా టెనర్ పని. రాజులు, తండ్రులు, మతాచార్యులు, పగవారు తక్కిన రెండు తెగలలోనివారు.

మన తెలుగు రంగస్థలమునకు మంద్రముపై నంత మక్కువ లేదు. అందులకు కారణము లేకపోలేదు. ధ్వనివర్ధకములు రాని దినములలో పద్యము, చిట్టచివర చాప పఱచుకొని కూర్చున్న వానికిని చేరవలసియుండెను. కొల్లేటి లంకలలోని పందిళ్లయందైనను, ఏలూరి వై.ఎమ్.హెచ్.ఏ. వేదికమీదనైనను హార్మోనియము హెచ్చుశ్రుతిలోనే పలికెడిది. తిరుపతి వేంకటకవుల కృష్ణుడు రాగమును తారస్థాయి కెత్తినగాని "వన్సుమోర్" అను కేక లేవదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్రనాటకమున కాటికాపరియగు వీరబాహుని వంటి పాత్రములకు మాత్రము లోగొంతు చెల్లును. ఏలూరికి చేరువనున్న నూజివీడున 1918లో జన్మించిన ఎస్.వి. రంగారావుగారి మాటయు, 1957నాటి మాయాబజారులో ఆయనకై పాడిన మాధవపెద్ది సత్యముగారి పాటయు విన్నవారికి బాస్ కంఠ మెట్టిదో వేఱుగా చెప్ప నక్కఱలేదు.

ఇట్టి యుగళములలో మాకు మిక్కిలి యిష్టమైనది వెర్డి రచించిన డాన్ కార్లోస్ లోనిది. ఈ నాటకము 1867లో పారిసునగరమున మొదట ప్రదర్శింపబడెను. స్పెయినుదేశపు రాజగు రెండవ ఫిలిప్పు రాత్రియెల్ల నిదురలేక, రాణి తన్నెన్నడును ప్రేమింపలేదని యొంటరిగా పాడుకొనును. ఆమె మొదట అతని కుమారునికే నిశ్చయింపబడిన కన్య. అంతట మతవిచారణాధిపతి ప్రవేశించును. తొంబదియేండ్ల వృద్ధుడు, గ్రుడ్డివాడు. తిరుగబడిన కుమారుని చంపించినచో నాకు పాపపరిహార ముండునా యని రాజడుగును. దేవుడును తన కుమారుని బలి యిచ్చెను గదా యని ముసలివాని ప్రత్యుత్తరము. అంతతో విడువక, రాజునకున్న యొక్క స్నేహితునిగూడ తన కప్పగింపు మనును.

రాజును బాస్, ఆచార్యుడును బాస్. వాద్యములును అడుగుస్వరములవే. వెలుతురు చొరని నేలమాళిగలో రెండు బండరాళ్లు దొర్లినట్లుండును. ఎవరు పాడుచున్నారో స్థాయినిబట్టి తెలియదు. కంఠముయొక్క బరువునుబట్టి, బింకమునుబట్టి పోల్చుకొనవలెను. రాజు మొదట వాదించును, పిదప గద్దించును, తుదకు బ్రతిమాలుకొనును. ముసలివాడు వెడలిపోవునప్పుడు, సింహాసన మెల్లప్పుడును పూజాపీఠమునకు తలవంచవలసినదేనా యని పాడుచు రాజు పైనుండి రెండు స్థాయిలు క్రిందికి దిగును. చక్రవర్తి యింత లోతున పడుట మఱే గొంతుకతోను వినిపింపరాదు.

అంతలోనే రాణి వచ్చును. తన నగలపెట్టె పోయినది, న్యాయము చేయుమని యడుగును. అప్పటిదాక నేలను ప్రాకిన కంఠము ఒక్కపెట్టున లేచి ఆమెను కులట యని తిట్టును. రాణి మూర్ఛిల్లును.

ఈ క్రమము మనకు క్రొత్తదా? 1967లో మా అక్క పెండ్లిమాటలు తాడేపల్లిగూడెములోని మా యింటి ముందుగదిలో జరిగినవి. వరకట్నమును నిషేధించు చట్టము వచ్చి అప్పటి కాఱేండ్లు. మేమును, అమ్మయు, అక్కయు నడిమి తలుపు వెనుక నుంటిమి. మాటలు వినబడలేదు. కాని మంద్రస్వరమునకు తలుపు చెక్క యడ్డుకాదు; మాట లిగిరిపోయి గొంతుమాత్ర మివతలకు వచ్చుచుండెను. మా తండ్రిగారి కంఠమొకటి, వరుని తండ్రి కంఠమొకటి. చాలసేపు రెండును సమముగా నడచినవి. పిదప నాన్నగారిది క్రమముగా దిగిపోయెను. అమ్మ కన్నులు మూసికొనెను. ఎంత యొప్పుకొనిరో ఆమెకు తెలియదు గాని, ఒప్పుకొనిరని తెలిసినది. వారు వెడలిన మఱుక్షణమున నాన్నగారు లోపలికి వచ్చి, కాఫీ చల్లారిన దని అమ్మపై గర్జించిరి. ఆయన దుష్టుడు కాడు. ముందుగదిలో వంగిన నడుము ఎక్కడో నొకచోట లేవవలెను గదా!

ఇటీవల మా అక్కకు ఈ ఘట్టమును వినిపించితిమి. ఆమె కిటాలియను భాష రాదు; కథయు మేము చెప్పలేదు. చెవుల కమర్చిన తీగెలతో కన్నులు మూసికొని వినుచు, "ఇద్దరిలో క్రిందికి దిగినవా డెవడే?" అని యడిగినది. రాజంటిమి. "అయితే ఇంక ఇంటిదాని పని అయినట్లే" ననినది. రాణి యప్పటి కింకను రంగముపైకి రాలేదు.

వెర్డిదే సైమన్ బొకనేగ్రా యని మఱియొకటి కలదు. 1857లో వెలువడి 1881లో తిరుగ దిద్దబడినది. అందు కూతురి తండ్రి బాస్, ఆమె వలచిన నావికుడు బారిటోన్. కూతురు భవనములోపల మరణించియున్నది. ఆ సంగతి దాచి తండ్రి బయట నిలిచి, మనుమరాలిని నాకిమ్మని బేరమాడును. బిడ్డ యెచ్చటనో తప్పిపోయినది. ఇరువదియైదేండ్లు గడచిన పిమ్మట, విషము త్రాగింపబడి మరణించుచున్న అల్లునివలన ఆ పిల్ల జాడ తెలిసికొని ముసలివా డేడ్చును. అప్పు డిరువురును కలిసి పాడెదరు. భిన్నభావములు గల యిరువురు ఏకకాలమున పాడుట మన పద్యనాటకమున లేదు. ఒకడు పాడునంతసేపు రెండవవాడు మీసము దువ్వుకొనుచు నిలువవలసినదే. అయినను చిలకమర్తివారి గయోపాఖ్యానమున కృష్ణార్జునులు కలహించునప్పుడు, అన్నకును మగనికిని నడుమ చిక్కిన సుభద్రకు నోరున్నది. వెర్డి కథలో లోపలనున్న యామెకు ప్రాణమే లేదు. ఈ యొక్క విషయమున మనవారే మేలు.

మంద్రకంఠములకు దుఃఖమే గాదు, హాస్యమును వచ్చును. డోనిజెట్టి రచింపగా 1843లో మొదట ప్రదర్శింపబడిన డాన్ పాస్క్వాలే యందు పెండ్లియాడి చెడిన ముసలివాడును, అతని వైద్యుడును అటుకులు దంచినట్లు వడివడిగా పాడుదురు. పిల్లలతో గూడి వినదగినది.

వినదలచిన సోదరీమణుల కొక్క మాట. ఫోనునకున్న చిన్నరంధ్రమునుండి ఈ స్వరములు రావు. సన్నని గీరుమాత్రమే వచ్చును. చెవితీగెలైన పెట్టుకొనవలెను, పెద్దపెట్టెయైన నుండవలెను. వంటయిల్లు కడిగి, పంకా కట్టివేసి వినుడు. మొదట రెండు గొంతులును ఒక్కటిగనే తోచును. మూడవమారు వినునప్పటికి ఎవ రెప్పుడు దిగుచున్నారో తెలియవచ్చును.